శాకాహారము – గృహపాకము
(మన కుల మహాసభ వార్షిక సమావేశమున గావించిన ఉపన్యాసము)



 విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు నాకన్న బాగుగ నెఱిగినవారు ఈ సభలో పెక్కండ్రు కలరు. జీవితమంతయు బడిపిల్లలచే శబ్దములు, ధాతువులు వల్లె వేయించిన సంస్కృతోపాధ్యాయుడు వంటయింటిని గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని సంఘక్షేమమునకు మూలము కుటుంబక్షేమము; కుటుంబక్షేమమునకు మూలము పొయ్యి. కావున ఈ విషయము సభకు తగనిది కాదని విన్నవించుచున్నాను.

ఇటీవల ఉప్పలులోను, నాచారములోను మన యిండ్ల యందు ఒక క్రొత్త వివాదము పుట్టినది. చదువుకొనుచున్న మనుమడో, ఉద్యోగము చేయుచున్న మనుమరాలో మాంసమునేగాక పాలు, పెరుగు, నెయ్యి, తేనె సైతము విడిచితిమని చెప్పుదురు. "పెరుగు లేని భోజనమును భోజనమందురా?" అని అవ్వ కంట తడిపెట్టును. ఈ వ్రతమునకు ఆంగ్లదేశమున 1944వ సంవత్సరము నవంబరులో డోనాల్డ్ వాట్సన్ మొదలగువారు 'వీగన్' అను పేరు పెట్టిరి. మనము శాకాహారమనుదానిలో గోరసము చేరియున్నది; వీరి శాకాహారమున అది చేరదు. పశువును పాలకొఱకైనను బాధింపరాదనుట వారి మతము. ఈ వివాదమున నాకు రెండు ప్రశ్నలు ముఖ్యములుగ తోచుచున్నవి. ఇట్టి భోజనము మన వంటయింట సాధ్యమా? సాధ్యమైనచో దేహమునకు క్షేమమా?

ముందుగా ఒక్కమాట. మనలో మాంసము తినువారును కలరు, తినని వారును కలరు. ఆహారమునుబట్టి ఒకరిని ఎక్కువయనియు, ఒకరిని తక్కువయనియు తూచుట నా యుద్దేశము కాదు. విస్తరిలోని పదార్థము మనుష్యుని గుణమును తెలుపదు.

ఇక మొదటి ప్రశ్న. "ఇది మన సంప్రదాయము కాదు" అని పెద్దలందురు. సంప్రదాయమనగా ఏది? నేడు మన కూరకు ప్రాణమైన మిరపకాయ అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి కాలమున వచ్చినది. అంతకుముందు మన పూర్వులకు కారమనగా మిరియమే. వేరుసెనగయు, టమాటయు, ఆలుగడ్డయు ఆ ఖండమునుండి వచ్చినవే. అతిథులుగా వచ్చిన వీనిని మన తల్లులు ఇంటివారినిగా చేసికొనిరి. క్రొత్తదానిని మన రుచికి లొంగదీసికొనుటయే మన వంటయింటి సంప్రదాయమని నా యభిప్రాయము.

అంతేకాదు, పాలచుక్క తగులని వంటకములు మనకు తక్కువయా? ఉగాదిపచ్చడి యంతయు చెట్టుచేమల ప్రసాదమే. సద్దుల బతుకమ్మనాటి సద్దులలో పెరుగుసద్ది నొక్కదానిని పక్కకు పెట్టినచో నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరిసద్ది, చింతపండు పులిహోర మిగులును. సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, జొన్నరొట్టె, పుంటికూరపప్పు, గుమ్మడికాయ దప్పళము, సెనగగుడాలు, అవిసెగింజలపొడి – వీనిలో దేనికి పాలు కావలయును? తెల్లవారకమునుపే డబ్బా కట్టుకొని నాచారము పారిశ్రామికవాడకు పోవు కార్మికునకు రొట్టెయు, కూరయు, పల్లీలపొడియు చాలినంత భోజనము. విదేశపు బాదముపాల సీసాలు కొననక్కఱలేదు.

పెరుగు విషయము మాత్రము కష్టమని యొప్పుకొనుచున్నాను. దానికొక యుపాయము కలదు. గిన్నెడు పల్లీలను రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మూడు నాలుగు గిన్నెల నీటితో మెత్తగా రుబ్బి, గుడ్డతో వడగట్టి, ఆ పాలను అడుగంటకుండ కలియబెట్టుచు కాచవలయును. గోరువెచ్చగా నున్నప్పుడు శుభ్రముగా కడిగిన పచ్చిమిరప తొడిమలను అందులో వేసి మూతపెట్టినచో మఱునాటికి తోడుకొనును. దానిలో కొంత దాచినచో తరువాతి తోడునకు పనికివచ్చును. రుచి గేదెపెరుగువలె నుండునని చెప్పిన అసత్యమగును. అల్లము, కరివేపాకు, ఉప్పు చేర్చి మజ్జిగ చేసినచో వేసవిలో నిరాకరించువారుండరు.

ఇక రెండవ ప్రశ్న, ఇదియే ప్రధానము. ఉప్పలునుండి తార్నాకకు పోవు మార్గమున హబ్సిగూడలో కణజీవశాస్త్రశాల కలదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఈ రెండవది 1918లో కూనూరులో మెకారిసన్ దొరగారి యాధ్వర్యమున బెరిబెరి వ్యాధి పరిశోధనకు చిన్నగదిలో మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందినది. ఇంత విద్య మన గడపముందు నుండగా మనము వదంతులనుబట్టి భుజించుట తగునా?

శాస్త్రజ్ఞులు చెప్పు విషయములను వంటయింటి భాషలో చెప్పెదను. బియ్యమున కొఱతపడు మాంసకృత్తుల యంశము పప్పులో కలదు. పప్పున కొఱతపడునది బియ్యమున కలదు. మూడుపాళ్లు ధాన్యమునకు ఒకపాలు పప్పు చేరినచో రెండును ఒకదాని నొకటి పూరించుకొనును. చారులో పప్పు నీడ మాత్రమే కనబడిన చాలదు. ఎముకలకు సున్నము కావలయును. పాలలో నూఱు గ్రాములకు సుమారు 120 మిల్లీగ్రాములుండగా రాగులలో 350 మిల్లీగ్రాములకు అటునిటుగ కలదు. నువ్వులలో అంతకు మూడింతలకుపైగా కలదు. పల్లీలపాలలో ఇది స్వల్పము. కావున పెరుగు మానినవారు రాగిసంకటినో, అంబలినో, నువ్వులపొడినో ప్రతిదినము విడువరాదు. ఆకుకూరలోని ఇనుము దేహమునకు పట్టుటకు దించిన తరువాత నిమ్మరసము పిండవలయును. భోజనము కాగానే తేనీరు త్రాగరాదు.

ఇన్నియు కూరలతో తీరును. తీరనిది యొక్కటి కలదు: విటమిన్ బి12. దీనిని సూక్ష్మజీవులు మాత్రమే తయారు చేయగలవు. మనకది పాలు, గ్రుడ్లు, మాంసములద్వారా చేరుచున్నది. ఏ ఆకునందును, ఏ పప్పునందును నమ్మదగినంత లేదు. ఇక్కడ మన తెలుగువాడొకని స్మరింపవలసియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించి 1945లో ప్రకటించినది. ఆకు అనునర్థముగల లాటిను పదమునుండి దానికా పేరు వచ్చినది. ఆకుకూరలలో నది సమృద్ధి. ఆయన 1948లో కీర్తిశేషులైరి. ఆ యేడే బి12 వేఱుపఱుపబడినది. ఈ రెంటి సంబంధమును తల్లులు బాగుగ గ్రహింపవలయును. బి12 కొఱవడినప్పుడు ఫోలిక్ ఆమ్లము రక్తహీనతను కప్పిపుచ్చగలదు. నరములకు కలుగు హానిని మాత్ర మాపలేదు. ముఖమున కళ తగ్గకుండగనే కాలిలో తిమ్మిరి, నడకలో తూలుడు, మఱపు మొదలుకావచ్చును. గర్భిణికి లోపమున్నచో శిశువునకు ఎదుగుదలయే కుంటువడవచ్చును.

కావున పాలుపెరుగులు విడుచువారు వైద్యుని సలహాతో బి12 మాత్రను నియమముగ వేసికొనవలయును. మాత్ర వేసికొనిన వ్రతభంగమగునను శంక వలదు. సూక్ష్మజీవులచే తయారగునదే యది. వృద్ధులకు ఆహారమునుండి దీనిని గ్రహించు శక్తి తగ్గును గనుక మావంటివారు పెరుగు తినుచున్నను పరీక్ష చేయించుకొనుట మేలు. మాత్ర మాట చెప్పక వ్రతమును మాత్రమే ప్రబోధించువాడు మన బిడ్డలకు మిత్రుడు కాడు.

మఱి రెండు జాగ్రత్తలు. అంగడిలో పొట్లముపైనున్న పచ్చచుక్క మాంసము లేదని మాత్రమే చెప్పును. పాలు లేవని చెప్పదు. వీగన్ పదార్థములకు ప్రభుత్వము 2022లో ప్రత్యేక నిబంధనలు చేసి వేఱు చిహ్నము నేర్పఱచినది. దానిని చూచి కొనవలయును. రెండవది, మూసీనది నగరమాలిన్యమును మోసికొని మన ప్రాంతము ప్రక్కనే పాఱుచున్నది. పీర్జాదిగూడవైపు ఆ నీటితో పశుగ్రాసమును, ఆకుకూరలును పండించుచు వచ్చిరి. ఆకుకూర మంచిదను నమ్మకముతో కడుగకుండ వండరాదు. వేళ్లు కోసి, మంచినీట పలుమాఱులు కడిగి, బాగుగ ఉడికింపవలయును. మిద్దెపై నాలుగు కుండీలలో తోటకూర, మెంతికూర, బచ్చలి పెంచుకొనుట అంతకన్న మేలు.

చివరగా పురుషులకొక మనవి. మనుమడు వ్రతము పట్టును. రుబ్బుట, వడగట్టుట, రెండు విధములుగ వండుట కోడలి నెత్తిన పడును. పశువునందు దయ చూపువాడు ఇంటి ఆడుదానియందు చూపకున్న ఆ దయకు అర్థమేమి? ఎవరు వ్రతము పట్టిరో వారే పల్లీలు నానబెట్టవలయును, వారే రుబ్బవలయును.

సభవారికి మూడు సూచనలు సమర్పించుచున్నాను. మన వివాహములందును, సభలందును నెయ్యి అడిగిన పిమ్మటనే వడ్డింపవలయును. ఏ వంటకమున పాలున్నవో వడ్డించువారు చెప్పవలయును. ప్రతి శాఖయు ఏటికొకసారి పోషకాహారము నెఱిగిన వైద్యునిచే స్త్రీలకు, ముఖ్యముగ గర్భిణులకు, ఉపన్యాస మిప్పింపవలయును. మన బాలురకు బాలికలతో సమానముగ అన్నము, పప్పు, ఒక కూర వండుట నేర్పవలయును. వీనికి ధనము స్వల్పము, మనస్సు చాలును.