నేటి వార్తాసాధనములు – మన గ్రామము

(బట్లహళ్ళిలో జరిగిన తెలుగువారి సమావేశమునందు గావించిన ఉపన్యాసపు పాఠము)



నేటి వార్తాసాధనములు ప్రజల మనస్సులను ఎట్లు దిద్దుచున్నవో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇది పట్టణములలో పండితులు చర్చింపదగిన విషయమని మొదట వెనుదీసితిని. పిదప ఆలోచింపగా, ఇది పట్టణములకంటె బట్లహళ్ళివంటి యూళ్ళకే యెక్కువ సంబంధించినదని తోచినది. ఒకే భాషగల సీమలో నివసించువానికి తాను మాటాడు భాష, తన్ను పాలించు భాష, తనకు వార్త తెచ్చు భాష ఒక్కటియే. మన సంగతి అట్లు కాదు. ఇంటిలో తెలుగు; బడిలోను, తాలూకా కచేరిలోను కన్నడము; చేతిలోని ఫోనులో మరల తెలుగు, కాని అది హైదరాబాదునుండియు విజయవాడనుండియు వచ్చు తెలుగు. ఈ మూటి నడుమ మన దృష్టి ఎట్లు చీలిపోవుచున్నదో, దానివలన మనకు కలుగు నష్టమేమో చెప్పుటయే నేటి నా పని.

పూర్వము వార్త మన యూరికి మనిషివెంట వచ్చెడిది. తప్పెట మ్రోగినచో పనులు విడిచి వాకిటికి వచ్చెడివారము. దండోరా వేయువాడెవడో, వానిని పంపినదెవరో అందరికిని తెలియును. మాట తప్పైనచో మరునాడు వానినే నిలిపి అడుగుటకు వీలుండెను. కైవారము తాతయ్యగారు తెలుగునను కన్నడమునను పాడిన తత్త్వములు సయితము భజనపరుల నోటనే యూరూర తిరిగినవి. ఆ తెలుగు పాటలను మనవారు కన్నడ లిపిలో అచ్చువేసికొని చదువుకొనుట నేటికిని చూచుచున్నాము. లిపి ఏదైన నేమి? మాట మనది, పాడువాడు మనవాడు.

తరువాత రేడియో వచ్చినది. 1935లో మైసూరులో ఆచార్య గోపాలస్వామిగారు తమ యింటిలో నెలకొల్పిన ప్రసారకేంద్రమునకే ‘ఆకాశవాణి’ యను పేరు ఏర్పడినది. 1948లో విజయవాడ, 1955లో బెంగళూరు, 1963లో కడప కేంద్రములు వెలసినవి. రేడియో దూరమునుండి పలికినను, ఒక పెట్టెచుట్టు పదిమంది కూర్చుండి వినుటచేత విన్నదానిని గూర్చి అచ్చటనే నాలుగు మాటలు నడచెడివి. 1995 ప్రాంతమున తెలుగు టెలివిజను సంస్థలు బయలుదేరినవి. 2016 తరువాత చౌకయైన ఇంటర్నెట్టు వచ్చి ప్రతి చేతికి ఒక ఫోను నిచ్చినది. పదిమంది కలసి వినిన కాలము పోయి, ఒక్కొక్కరు ఒక్కొక్క మూల ఒంటరిగా చూచు కాలము వచ్చినది. పరికరము మారుటకంటె ఈ కూర్చుండుట మారుటయే పెద్ద మార్పని నా యభిప్రాయము.

నేను కన్నులార చూచిన సంగతి నొకటి మనవి చేసెదను. 2024 జూన్ 4వ తేదీ ఉదయమున ఒక కాఫీహోటలులో కూర్చుండియుంటిని. గోడమీది టెలివిజనులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ యెన్నికల ఫలితములు వచ్చుచున్నవి. కుప్పములో ఆధిక్యమెంత, పిఠాపురములో ఎన్నవ రౌండు, పులివెందులలో ఏమి జరుగుచున్నది అని ఎనమండుగురు కూర్చుండి వాదించుచున్నారు. రెండు పార్టీలై బల్ల గ్రుద్దుచున్నారు. ఆ దినముననే మన చింతామణి ప్రాంతము చేరిన కోలారు లోకసభ స్థానపు ఓట్లును లెక్కింపబడుచుండెను. అక్కడ ఎవరు ముందున్నారని అడిగితిని. ఒక్కరును చెప్పలేకపోయిరి. ఆ యెనమండుగురికిని కుప్పములో ఓటు లేదు, కోలారులో ఉన్నది. వారిని చూచి నవ్వుటకు నాకు నోరు రాలేదు. ఏలయనగా, ఆ ప్రశ్న అడుగువరకు నేనును కుప్పము ఆధిక్యమునే లెక్కించుచుంటిని.

ఇది మనవారి తెలివితక్కువ కాదు. వార్తాసాధనముల స్వభావమే యిట్టిది. 1968లో అమెరికా అధ్యక్ష యెన్నికల కాలమున, చాపెల్ హిల్ అను చిన్న పట్టణములో, మెక్‌కోంబ్స్, షా అను ఇద్దరు ఆచార్యులు ఎవరికి ఓటు వేయుటయో ఇంకను నిశ్చయించుకొనని నూరుమందిని ప్రశ్నించిరి. దేశమునకు ముఖ్యమైన సమస్య లేవి యని అడిగిరి. ఆ ప్రజలు చెప్పిన వరుసయు, పత్రికలును టెలివిజనును ఆ సమస్యలకు ఇచ్చిన స్థలపు వరుసయు మిక్కిలి దగ్గరగా సరిపోయినవి. వారు 1972లో ప్రకటించిన ఈ పరిశోధన నుండి తేలిన దేమనగా, పత్రిక మనచేత ఒక పక్షమును పట్టించునో లేదో గాని, దేనిని గూర్చి ఆలోచింపవలెనో మాత్రము మనకు నిర్ణయించి పెట్టును. మరి బట్లహళ్ళివాని ఆలోచనల వరుసను నిర్ణయించువాడు హైదరాబాదులో కూర్చుండియున్నప్పుడు, ఆ వరుసలో బట్లహళ్ళికి చోటెక్కడిది? అతడు మనకు ద్రోహము చేయుట లేదు. మన మున్నట్లే అతనికి తెలియదు.

ఒక్కొక్కప్పుడు కెమెరా మన దిక్కునకును తిరుగును. 2023 జూలైలో తొమాటా ధర ఆకాశమునంటినది. కోలారు మార్కెట్టులో 15 కిలోల పెట్టె రెండువేల రూపాయలు దాటి అమ్ముడుపోయినది. కన్నడ టెలివిజను కోలారును, తెలుగు టెలివిజను మదనపల్లెను రేయింబవళ్ళు చూపినవి. తొమాటా రైతులందరు లక్షాధికారులైనారన్న మాట దేశమంతట వ్యాపించినది. పంట చేతిలో లేనివాడును, తెగులు తగిలి పోగొట్టుకొన్నవాడును ఆ చిత్రములో కానరాలేదు. దానిని చూచి అప్పు తెచ్చి నాటినవారు మన చుట్టుప్రక్కలనే యున్నారు. సెప్టెంబరు నాటికి ధర కుప్పకూలినది. ధర పెరిగినప్పుడు వచ్చినంత సందడి ధర పడినప్పుడు రాలేదు. వార్త అబద్ధము కాదు. పెట్టె రెండువేలు పలికినమాట నిజమే. కాని నిజములో ఒక తునకను మాత్రము పదేపదే చూపినచో, అదియే మొత్తమని నమ్మి మనిషి తన పొలమును పందెమొడ్డును.

ఇంతవరకు చెప్పినది ధననష్టము. ప్రాణనష్టమును గూర్చియు చెప్పవలసియున్నది. 2018 వేసవిలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు వచ్చియున్నవని వాట్సాప్‌లో ఒక వదంతి పుట్టి, తెలుగులోనికిని కన్నడములోనికిని దిగి, మన సరిహద్దు సీమలకు రెండు భాషలలోను వచ్చినది. దానితోపాటు మోటారుసైకిలుపై వచ్చినవారు వీథిలో ఆడుకొనుచున్న బాలుని ఎత్తుకొనిపోవు దృశ్యమొకటి వ్యాపించినది. అది పాకిస్తానులోని కరాచీలో, పిల్లలను జాగ్రత్తగా చూచుకొనుడని తల్లిదండ్రులకు బోధించుటకై తీసిన చిత్రము. కడపట ఆ మనుష్యులు బాలుని తెచ్చి దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. ఆ కడపటి భాగమును ఎవరో కత్తిరించిరి. మే 23వ తేదీన బెంగళూరు చామరాజపేటలో రాజస్థానునుండి వచ్చిన ఒక యువకుని జనులు కొట్టి చంపిరి. జూలై 13న బీదరు జిల్లా ముర్కి గ్రామమువద్ద, హైదరాబాదునుండి వచ్చిన ఒక యువ ఇంజనీరు ప్రాణము పోయినది. అతని మిత్రులలో ఒకడు బాలురకు మిఠాయి లిచ్చినాడట, అదియే నేరమైనది. వారు కారులో తప్పించుకొనిపోవుచుండగా, ఫోనులో వార్త కారుకంటె ముందుగా పరుగెత్తి, ముందరి యూరిలో దారికి అడ్డము వేయించినది.

అదే యేడాది కృష్ణా తుంగభద్రల నడుమ, రాయచూరును ఆనుకొనియున్న జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగిన సంగతి దీనికి ప్రతిగా చెప్పదగినది. అదియు మనదివంటి సరిహద్దు సీమయే. వేసవిలో ఆరుబయట పండుకొనవలసిన జనులు చీకటి పడకముందే తలుపులు బిగించుకొనుచున్నారని గ్రామములు తిరుగు పోలీసులు గమనించిరి. ఆనాటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు విచారింపగా, మూలము ఫోనులలోని ఆ వదంతి యని తేలినది. ఆమె పోలీసులను ఊరూర పంపి, వాట్సాప్‌లో వచ్చినదెల్ల నిజము కాదని ముఖాముఖి చెప్పించెను. డప్పు కొట్టించి దండోరా వేయించెను. ఆ సంగతినే పాటగా కట్టించి తెలుగులో పాడించెను. ఆ జిల్లాలో ఈ వదంతివలన ఒక్క ప్రాణమును పోలేదని నాటి పత్రికలు వ్రాసినవి. తరువాత వాట్సాప్ సంస్థయు, మన దేశములో ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపరాదని 2018 జూలైలో కట్టడి ప్రకటించినది. ఆ కట్టడి మంచిదే. కాని గద్వాలలో జనుల భయము తీర్చినది తప్పెట. తెలిసిన మనిషి, తెలిసిన భాషలో, యెదుట నిలిచి చెప్పిన మాట.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. వినోదము మనకు తెలుగులో వచ్చుచున్నది. పొరుగు రాష్ట్రముల రాజకీయము తెలుగులో వచ్చుచున్నది. వదంతియు భయమును తెలుగులో వచ్చుచున్నవి. మన బ్రతుకునకు కావలసిన సమాచారము మాత్రము తెలుగులో వచ్చుట లేదు. నీటి విషయమునే చూడుడు. మన బోరుబావులు వేయి అడుగులు దాటినవి; వచ్చిన నీటిలో ఫ్లోరైడు. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి పంపు కె.సి. వ్యాలీ పథకపు నీరు 2018లో కోలారు చెరువులకు చేరినది. ఆ శుద్ధి చాలునా, చాలదా యని న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచినవి. 2014లో శంకుస్థాపన జరిగిన ఎత్తినహొళె పథకపు మొదటి ఘట్టము 2024 సెప్టెంబరులో ప్రారంభమైనది. దాని నీటికై కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలు ఇంకను ఎదురుచూచుచున్నవి. ఈ చర్చయంతయు కన్నడములోను ఇంగ్లీషులోను జరిగినది. చెరువుక్రింద సేద్యము చేయు మన ముసలివారికి, బిందె మోయు మన యాడపడుచులకు అది ఎవరు చెప్పిరి? కుప్పము ఆధిక్యము తెలిసినవానికి తాను త్రాగు నీటి చరిత్ర తెలియకున్నది.

దీనికి కన్నడమును నిందించుట న్యాయము కాదు. కన్నడము మనకు అన్నము పెట్టు భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను. కాని భాషాల్పసంఖ్యాకులు జనసంఖ్యలో 15 శాతము గాని అంతకు మించి గాని యున్న ప్రదేశములలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలో గూడ ప్రచురింపవలెనని 1961లో ముఖ్యమంత్రుల సమావేశము అంగీకరించినది. ఇది భిక్ష కాదు. దేశము అంగీకరించిన ఏర్పాటు. దానిని వినయముగను, పట్టుదలతోను అడుగుట మన సంఘమునకు ధర్మము.

అడుగుచునే, మన చేతనైన పనిని మనము మొదలుపెట్టవలెను. 1956లో పూనా ఆకాశవాణివారు బొంబాయి రాష్ట్రములో సుమారు 150 గ్రామములలో ఒక ప్రయోగము గావించిరి. గ్రామస్థులు ఒకచోట చేరి వ్యవసాయ ప్రసంగములను విని, విన్నదానిని తమలో తాము చర్చించి, సందేహములను రేడియోవారికి వ్రాయవలెను. వినుటయేగాక మాటాడుట యుండుటచేతనే అది ఫలించి, 1959లో దేశమున ఇతర కేంద్రములకును వ్యాపించినది. మనమును వారమునకొక సాయంకాలము, అరగంటసేపు, ఈ కట్టమీద కూర్చుండరాదా? పంచాయతి ప్రకటనలను, గ్రామసభ తేదీని, రేషను పహణీల సంగతులను కాలేజీ చదువు మన పిల్లలు కన్నడములో చదివి తెలుగులో చెప్పవలెను. పెద్దలు ప్రశ్నింపవలెను. సమాధానము దొరకని ప్రశ్నలను ఈ వారపత్రికలో అచ్చువేయవలెను. ఆ అరగంట ఫోనులు జేబులోనే యుండవలెను. ఈ నియమము నాకును వర్తించును.

రెండవది, ఫోనులో భయము గొలుపు మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్న లడుగుదము: ఎవరు చూచిరి? ఎక్కడ? ఎప్పుడు? మూటికిని జవాబు లేనిచో ఆ మాట మన చేతిలోనే ఆగిపోవలెను. మన జిల్లాలోని గౌరిబిదనూరు తాలూకా హొసూరులో, బీద కుటుంబమున 1920లో జన్మించి, బెంగళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైన హెచ్. నరసింహయ్యగారు మహిమలను సయితము పరీక్షింపవలెనని 1976లో ఒక సమితిని ఏర్పరచిరి. ప్రశ్నించుటకు వెరవని అట్టి మనిషి పుట్టిన జిల్లాలో, పేరు లేనివాడు పంపిన సందేశమును ప్రశ్నింపకుండ నమ్ముట మనకు తగునా?

సోదరులారా! హైదరాబాదు వార్తలు చూడవద్దని నేననను. అది మన భాష. ఆ సంతోషము మనకు వలసినదే. కాని దినమున కున్నవి ఇరువదినాలుగు గంటలే. వానిలో మన చెరువునకు, మన బడికి, మన గ్రామసభకు ఒక భాగము మిగులవలెను. రాబోవు శనివారము సాయంకాలము ఆరు గంటలకు ఈ కట్టమీదనే మొదటి కూటము జరుపుదమని ప్రతిపాదించుచున్నాను. మొదట చదువవలసినది రాబోవు గ్రామసభ తేదీ. అది ఏనాడో తెలిసినవారు ఇప్పుడు చేయి యెత్తుడని అడిగిన బాగుండదు. శనివారమునాటికి అందరము తెలిసికొని వత్తము.