సంఘం మారితే పెన్షన్ ఏమవుతుంది?

(శ్రామిక మహిళల మధ్య పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బీడీ కార్మికుల వాడల్లో మీటింగు పెడితే కూలిరేట్ల మాట, ఆకు తక్కువ తూచే మాట, చాటన్ పేరుతో బీడీలు తీసేసే మాట అన్నీ అయ్యాక చివర్లో ఎవరో ఒకామె మెల్లగా అడుగుతుంది: "అక్కా, మేం ఈ యూనియన్ ఇడిచిపెట్టి ఆ యూనియన్ల చేరితే మా పింఛను పోతదా?" అడగని వాళ్లకు ఆ అనుమానం లేదనుకోకండి. చాలా చోట్ల స్త్రీలు నచ్చని సంఘంలోనే ఉండిపోవడానికి ఈ భయం ఒక పెద్ద కారణం.

ఆ భయం వట్టిది కాదు. ఫారం నింపింది యూనియన్ నాయకుడు, వేలిముద్ర వేయించింది ఆయనే, పీఎఫ్ పుస్తకం ఆయన బీరువాలోనే ఉంటుంది. డబ్బు కూడా ఆయన దగ్గరే ఉందని ఆమె అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? అందుకని ముందు డబ్బు నడిచే దారి చూద్దాం.

బీడీ పరిశ్రమకు భవిష్య నిధి చట్టం 1977లో వర్తించింది. ఇంట్లో కూర్చుని చుట్టే స్త్రీలు మా కార్మికులే కారని యజమానులు కోర్టుకెక్కితే, వాళ్లూ ఉద్యోగులేనని 1985లో సుప్రీంకోర్టు పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో తేల్చింది. మన పరిశ్రమలో కార్మికురాలి వాటా వేతనంలో 10 శాతం, యజమాని వాటా మరో 10 శాతం. ఆమె వాటా మొత్తం భవిష్య నిధిలోకి పోతుంది. యజమాని వాటాలోంచి 8.33 శాతం 1995 పెన్షన్ పథకానికి మళ్లుతుంది. దానికి కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం కలుపుతుంది. ఈ దారిలో యూనియన్ ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఏ జెండా కింద నిలబడ్డా, ఏ జెండా లేకపోయినా ఆ ఖాతా ఆమెదే.

యూనియన్ దగ్గర నిజంగా ఉండే సొమ్ము వేరు. అది చందాలతో కూడిన సాధారణ నిధి. దానిలోంచి సభ్యులకు ముసలితనానికి, జబ్బుకు, చావుకు సాయం చేయవచ్చునని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి వచ్చింది. ఆ సాయం ఎవరికి, ఏ షరతుల మీద దొరుకుతుందో సంఘం నియమావళిలో రాసి ఉండాలి. సంఘం వదిలి పోతూ నా వాటా నాకివ్వమంటే సాధారణంగా రాదు. కనుక ఏ సంఘమైనా "పింఛను ఫండు" పేరుతో నెలనెలా పైసలు వసూలు చేస్తుంటే నియమావళి చూపించమని అడగండి. అడిగితే కోపం వచ్చే నాయకులుంటారు. రానివ్వండి.

యూనియన్లే పెన్షన్ నిధి నిర్వహణలో కూర్చునే దేశం ఒకటుంది, అమెరికా. లారీ డ్రైవర్లు, తాపీ పనివాళ్లు, హోటల్ పనివాళ్లు, బట్టలు కుట్టే స్త్రీలు - వీళ్లలో చాలామందికి ఒక్క కంపెనీ పెన్షన్ ఉండదు. అనేక యజమానులు కలిసి చందా కట్టే ఉమ్మడి నిధి ఉంటుంది. మన ఆడవాళ్ల ప్రశ్న అక్కడ అక్షరాలా తలెత్తింది కాబట్టి ఆ అనుభవం తెలుసుకోవాలి.

1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం మొత్తం మీద కార్మికులకు మేలు చేసింది కాదు. సంఘాల చేతులు కట్టేయడానికే తెచ్చారు దాన్ని. కాని అందులో ఒక నిబంధన ఈ విషయంలో పనికొచ్చింది. పెన్షన్ నిధి ట్రస్టుగా ఉండాలి, దాని మీద యూనియన్, యాజమాన్యం సమాన సంఖ్యలో కూర్చోవాలి. అంటే డబ్బు యూనియన్ ఖజానా కాదు. 1974లో వచ్చిన పెన్షన్ల చట్టం మరో మాట చేర్చింది: కొన్నేళ్లు పనిచేసి హక్కు సంపాదించాక ఆ పెన్షన్‌ను ఎవరూ లాక్కోలేరు. సంఘం మారినా, ఉద్యోగం మారినా అప్పటిదాకా సంపాదించింది పాత నిధిలో ఆమె పేరనే ఉంటుంది.

కార్మికులు ఓటేసి పాత సంఘాన్ని కాదని కొత్త సంఘాన్ని ఎన్నుకుంటే ఏమవాలో 1980 చట్టంలో రాశారు. ఆ ఎన్నికను జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ధ్రువీకరించాలి. యజమాని పాత నిధికి కట్టడం మానేసి కొత్త సంఘపు నిధికి కట్టడం మొదలుపెడితే, ఆ కార్మికుల పెన్షన్ బాధ్యతలనూ వాటికి తగిన ఆస్తులనూ పాత నిధి కొత్త నిధికి బదిలీ చేసే పద్ధతి అందులో ఉంది. అభ్యంతరాలు చెప్పుకునే దారులు కూడా పెట్టారు. బదిలీ జరగకపోతే ముసలితనంలో ఆమెకు రెండు చోట్ల నుంచి రెండు చిన్న పెన్షన్లు వస్తాయి.

కాగితం మీద బాగానే ఉంది. మరి నష్టపోయేదెవరు? హక్కు సంపాదించేటన్ని ఏళ్లు పూర్తికాని వాళ్లు. ఈ ఉమ్మడి నిధుల్లో హక్కు రావాలంటే చాలాకాలం పదేళ్లు నిండాలనేవారు. 1996 చట్టంతో దాన్ని ఐదేళ్లకు తగ్గించారు. పాత నిధిలో నాలుగేళ్లు, కొత్త నిధిలో నాలుగేళ్లు చేసిన మనిషిని తీసుకోండి. ఆస్తుల బదిలీ జరగకపోతే, రెండు నిధుల మధ్య సర్వీసు కలుపుకునే ఒప్పందం లేకపోతే, ఎనిమిదేళ్ల చాకిరీ చేసినా ఆమెకు రెండు చోట్లా ఏమీ రాకపోవచ్చు. ఇరవయ్యేళ్లు ఒకేచోట నిలబడి పనిచేసిన మగవాడికి సంఘం మారడం పెద్ద దెబ్బ కాదు. కాన్పుకు మానేసి, పిల్లల కోసం మానేసి, అత్తకు జబ్బు చేస్తే మానేసి మళ్లీ చేరిన స్త్రీకే అది దెబ్బ.

అక్కడి మహిళా ఉద్యమం ఈ సంగతి పట్టుకుంది. 1984లో వచ్చిన విరమణ సమానత్వ చట్టం వెనక వాళ్ల ఒత్తిడి ఉంది, కాంగ్రెసులో జెరాల్డిన్ ఫెరారో కృషి ఉంది. కాన్పు సెలవును సర్వీసులో తెగుదలగా లెక్కించకూడదన్నారు. హక్కు పూర్తికాని మనిషి కొన్నాళ్లు పని మానినంత మాత్రాన, వరసగా ఐదేళ్ల తెగుదల వస్తే తప్ప, పాత సర్వీసు కొట్టేయకూడదన్నారు. భార్య రాతపూర్వక సమ్మతి లేకుండా భర్త వితంతు పెన్షన్‌ను వదులుకోవడానికి వీల్లేదన్నారు.

అక్కడి సంఘాలు కూడా చీలుతాయి, మనకంటే ఘోరంగా. బట్టల పరిశ్రమ సంఘం, హోటల్ కార్మికుల సంఘం 2004లో కలిసి యునైట్ హియర్ అయ్యాయి. 2009లో ఒక పెద్ద వర్గం విడిపోయి వర్కర్స్ యునైటెడ్ పెట్టుకుని మరో సంఘంలో చేరింది. బట్టల కార్మికుల సంఘం 1923లో స్థాపించిన అమాల్గమేటెడ్ బ్యాంకు ఎవరిది, న్యూయార్క్‌లోని ఆఫీసు భవనం ఎవరిదని కోర్టుల దాకా వెళ్లారు. 2010 జులైలో రాజీపడ్డారు. బ్యాంకు వాళ్లకు, భవనం వీళ్లకు. పెన్షన్ నిధి మాత్రం ఏ నాయకుడూ వాటాగా ఎత్తుకుపోగలిగేది కాదు, అది ట్రస్టు ఆస్తి. ఆ రక్షణే లేకపోతే కుట్టుమిషన్ల ముందు, లాండ్రీల్లో బతుకులు అరగదీసిన ఆడవాళ్ల సొమ్ము ఆ పంపకాల్లో ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇప్పుడు మన బీడీ వాడలకు తిరిగి వద్దాం. 1995 పథకంలో నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, 58 ఏళ్లు నిండాలి. మన దగ్గర సంఘం మారడం తరచు ఒంటరిగా రాదు. ఒక ఆమె ఆరేళ్లు ఒక కంపెనీకి చుట్టిందనుకోండి. గొడవలొచ్చి ఆ వాడ స్త్రీలంతా కొత్త యూనియన్‌లోకి పోయారు. పాత టేకేదారు ఆకు ఇవ్వనన్నాడు. ఇంకో టేకేదారు, ఇంకో కంపెనీ, ఇంకో పీఎఫ్ నంబరు. అప్పుడొకరు సలహా ఇస్తారు: "పాత లెక్క తీసేసుకో, బిడ్డ పెండ్లికి పనికొస్తది." ఆమె పీఎఫ్‌తో పాటు పెన్షన్ ఖాతా కూడా తీసేసుకుంటుంది. కొత్తచోట ఏడేళ్లు చుట్టి కళ్లు మసకబారి మానేస్తుంది. మొత్తం పదమూడేళ్లు. పెన్షన్ లెక్కలో మాత్రం ఏడే. నెలనెలా వచ్చేది సున్నా.

దీన్ని సంఘం కాజేయలేదు, కంపెనీ కాజేయలేదు. తీసుకున్న ఆ కొద్దిపాటి డబ్బుతో ఆరేళ్ల సర్వీసు చెరిగిపోయింది, ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. పైగా 1952 పీఎఫ్ పథకంలోనే చూడండి, ఉద్యోగం మానాక డబ్బు తీసుకోవడానికి రెండు నెలలు ఆగాలని అందరికీ షరతు పెట్టి, పెళ్లి కోసం మానేసే ఆడవాళ్లకు ఆ షరతు లేదన్నారు. అమెరికా స్త్రీలు తెగిన సర్వీసును అతికించే చట్టం కోసం కొట్లాడితే, మనవాళ్లు తెంపుకునే దారిని దయగా చూపించారు.

వచ్చేదెంత అంటారేమో. పెన్షన్ లెక్క వేసే సగటు వేతనం 6,000 రూపాయలు, సర్వీసు పదేళ్లు అయితే, వేతనాన్ని సర్వీసుతో హెచ్చవేసి 70తో భాగిస్తే 857 రూపాయలు. 2014 సెప్టెంబరు నుంచి కనీస పెన్షన్ వెయ్యి చేశారు కాబట్టి వెయ్యి వస్తుంది. ఇది బతకడానికి చాలదు, పెంచమనే పోరాటం ఉంది, ఉండాలి. కాని పీఎఫ్ రికార్డు ఇంకొక తలుపుకు కూడా తాళంచెవి అయింది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పథకం కింద బీడీ కార్మికులకు భృతి ఇచ్చినప్పుడు పీఎఫ్ సభ్యత్వాన్నే ఆధారంగా తీసుకుంది. 2019లో ఆ భృతి 2,016 రూపాయలైంది. పీఎఫ్ లేకుండా చుట్టించుకున్న స్త్రీలు అక్కడా బయటే నిలబడ్డారు.

అందుచేత సంఘం మారే చోట కార్యకర్త చేయాల్సిన పని ఇది. పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసుకోండి. 2014 నుంచి వచ్చిన యూఏఎన్ ఒక్కటే ఉందో, రెండున్నాయో చూడండి. పాత సర్వీసును కొత్త ఖాతాకు బదిలీ చేయించండి. వెంటనే కొత్త పని దొరక్కపోతే పెన్షన్ డబ్బు తీసుకోనివ్వకండి, 10సి ఫారంతో స్కీం సర్టిఫికెట్ అడగమనండి. అది దగ్గరుంటే ఎన్నాళ్ల తర్వాత పనిలో చేరినా పాత ఏళ్లు కలుస్తాయి. పేరు సరిచూడండి. ఒక పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండి ఆగిపోయే దరఖాస్తులు తక్కువేమీ కాదు. పుస్తకం ఆమె ట్రంకుపెట్టెలోనే ఉండాలి, నాయకుడి బీరువాలో కాదు. మన బీరువాలో కూడా కాదు.

ఇంకొకటి మరిచిపోతున్నాం. పనిలో ఉండగా సభ్యుడు చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, భార్యకు వితంతు పెన్షన్ వస్తుంది. పదేళ్లు నిండలేదు కదా అని ఇంటికి తిరిగిపోయిన స్త్రీలు మీ ఊళ్లలో ఉంటే వాళ్ల కాగితాలు మళ్లీ బయటికి తీయించండి. మీరు తెచ్చిన పాసుపుస్తకాల నకళ్లు ముందేసుకుని భోజనాల తర్వాత కూర్చుందాం.