మోకాళ్ళ నొప్పి: కదలిక మంచిదా?

ఆత్మకూరులో మా తల్లిగారికి మోకాళ్ళు నొచ్చినపుడు, "కదలవద్దమ్మా, ఇంకా అరిగిపోతుంది" అని మంచమున కూర్చుండబెట్టితిమి. ఆరు మాసములకు తొడలు చిక్కి, గడప దాటుటయే కష్టమైనది. తప్పు మాదే.

కీలులోని మృదులాస్థి పలుచబడుట నిజమే. కాని మోకాలిని నిలుపునది తొడ కండరము. అది వాడుక లేక సన్నగిల్లినచో భారము కీలుపైననే పడును. కుర్చీలో కూర్చుండి, కాలు ముందుకు చాచి, తొడ బిగించి, అయిదు లెక్కించి మెల్లగా దింపవలెను. పదేసి మార్లు, రెండు కాళ్ళకును. కొద్దిపాటి నొప్పికి వెరవనక్కరలేదు. మరునాటికిని హెచ్చుగా నున్నచో లెక్క తగ్గింపవలెను. ఫలము కొన్ని వారములకుగాని కానరాదు.

ఉదయగిరి మెట్టల శ్రోతలకు మరొక మాట. మన దేశమున ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లో తొలుత ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లానుండియే. నడుము, మెడ కూడ బిగిసినచో వైద్యునకు చూపి, త్రాగునీటిని పరీక్ష చేయింపవలెను. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. నీరు కాచినంత మాత్రమున అది పోదు.