రమ్మని మెసేజ్ వస్తే ఆసుపత్రికి వెళ్లండి



2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిందనీ, 80,000 మంది దాకా చనిపోయారనీ అంచనా. ఇంతమంది పోవలసిన జబ్బు కాదిది. హెచ్‌పీవీ వైరస్ వల్ల మొదలైన మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది.

ఆలోపే కనిపెట్టడానికి 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఆడవాళ్లు ఐదేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమం చెబుతోంది. గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, తెల్లమచ్చ కనిపిస్తుందేమో చూస్తారు. మచ్చ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. కానీ మళ్లీ వెళ్లి తేల్చుకోవాలి. చిక్కంతా అక్కడే. కూలిపని, పిల్లలు, కోరుకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రాజమహేంద్రవరం దాకా బస్సు ఖర్చు, అన్నిటికీ మించి భయం.

ఇక్కడ సెల్‌ఫోన్ అక్కరకొస్తుంది. ఫలానా రోజున రండి అని గుర్తుచేయవచ్చు. అయితే టాంజానియాలో హెచ్‌పీవీ ఉన్న ఆడవాళ్లకు మెసేజ్‌లు పంపి చూస్తే, తిరిగి వచ్చేవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి మెసేజ్ ఒక్కటే చాలదు. వెనకే ఆశా కార్యకర్త పలకరింపు ఉండాలి. చదవలేనివారికి తెలుగులో మాట రూపంలో పంపాలి. ఇంట్లో ఫోన్ చాలాసార్లు భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. అందుకని మెసేజ్‌లో జబ్బు పేరు రాయకూడదు, తేదీ, చోటు చాలు.

పరీక్షకు వెళ్లినప్పుడు మీకు అందుబాటులో ఉండే ఫోన్ నంబరే ఇవ్వండి, మారితే ఏఎన్ఎమ్ నర్సుకు చెప్పండి. రమ్మని మెసేజ్ వస్తే ఆ వారంలోనే వెళ్లండి.