తెప్పను చూచి పుట్టిని తలచుకొంటిని

(చాపాడు గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



మీ ఊరి పాఠశాల పిల్లలు విహారయాత్రకు విశాఖపట్టణము పోనున్నారనియు, సముద్రమును గూర్చియు జాలరుల బ్రతుకును గూర్చియు అచట చూడదగినదేమో చెప్పవలసినదనియు పెద్దలు నన్ను కోరిరి. సంతోషముతో ఒప్పుకొంటిని. అయితే మెట్టనాట పుట్టిన మనకు సముద్రముతో పనియేమి అని మీలో కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నా జవాబు ఇది. మన కుందూనది దిగువకు పోయి పెన్నలో కలియును. పెన్న నెల్లూరు సీమను దాటి బంగాళాఖాతమున కలియును. మన పొలముల ప్రక్కనుండి పోయిన నీరు మనకంటె ముందుగనే సముద్రమును చూచినది. ఆ నీటివెంట మన ఆలోచనను కూడ కొంతసేపు పంపుదము.

విశాఖలో సముద్రతీరపు రోడ్డుమీద, డచ్చివారి కాలమునాటి ఒక పాత బంగళాలో విశాఖ మ్యూజియము కలదు. 1991లో నాటి ప్రధానమంత్రి శ్రీ పి.వి. నరసింహారావుగారు దానిని ప్రారంభించిరి. అందు పూర్వపు ఆయుధములు, నాణెములు, చిత్రపటములు, నౌకల నమూనాలు ఉన్నవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపానువారు వేయగా పేలక మిగిలిన బాంబు కూడ ఉన్నది. అదే రోడ్డుమీద, ఇసుకలో, ‘కుర్సుర’ అను జలాంతర్గామి నిలిచియున్నది. 1969లో మన నౌకాదళమున చేరి, 2001వరకు సముద్రగర్భమున తిరిగిన ఆ నౌకను ఒడ్డునకు చేర్చి, 2002లో ప్రదర్శనశాలగా మార్చిరి. సుమారు 91 మీటర్ల పొడవుగల దాని కడుపులో నడచినపుడు, ఆ ఇరుకులో నెలల తరబడి ఉద్యోగము చేసినవారి ఓర్పు ఎట్టిదో పిల్లలకు తెలియును. ఈ రెండింటిని తప్పక చూడుడు.

ఆంధ్రులకు సముద్రముతో పరిచయము నిన్న మొన్నటిది కాదు. శాతవాహనరాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణెములపై రెండు తెరచాపకొయ్యలుగల ఓడబొమ్మ కలదు. అది రెండవ శతాబ్దపు సంగతి. తరువాత వేయియేండ్లు గడచిన పిమ్మట, 1244 ప్రాంతమున, కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డున పడినచో పూర్వరాజులు దానిని బలవంతముగా లాగుకొనెడివారనియు, తాను మాత్రము న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని ఆ శాసనమున వ్రాయించెను. ఎంత ధర్మబుద్ధి!

అయితే ఈ విషయములను తలచుకొన్నపుడు నాకొక సందేహము కలిగినది. నాణెముమీద రాజు పేరున్నది, ఓడబొమ్మ ఉన్నది. ఆ ఓడను కట్టిన వడ్రంగి పేరు లేదు. శాసనమున చక్రవర్తి మాట ఉన్నది, వర్తకుని సరుకు ఉన్నది. తెల్లవారుజామున వల భుజమున వేసికొని అలలకు ఎదురేగిన జాలరి పేరు లేదు. అతని గుర్తులు ఎచట నున్నవి? ఈ సందేహముతో నేను మ్యూజియము వెలుపలికి వచ్చి ఇసుకమీద నడచితిని.

మన తూర్పుతీరమున సహజమైన రేవులు తక్కువ. అలలు తిన్నగా వచ్చి ఒడ్డును మోదును. విశాఖ ఓడరేవు తెరువబడినది 1933లో. అచటి చేపలరేవు ఏర్పడినది 1976లో. అంతకుముందు వందల యేండ్లు జాలరి ఆ అలలను దాటియే సముద్రములోనికి పోవలసియుండెను. అందుకతడు రెండు ఉపాయములు కనిపెట్టెను. మొదటిది తెప్ప. తేలికజాతి దుంగలను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి, త్రాళ్ళతో బిగించుట. దానికి ప్రక్కగోడలు లేవు. ఎక్కిన నీరు సందులనుండి దిగిపోవును. కనుక మునుగుటన్నది లేదు. ఒడ్డు చేరిన పిమ్మట కట్టు విప్పి దుంగలను ఎండబెట్టుకొందురు. రెండవది కుట్టుపడవ. దాని పలకలను ఇనుపమేకులతో బిగింపక, కొబ్బరిత్రాటితో కుట్టుదురు. మేకులు కొట్టిన గట్టిపడవ అల దెబ్బకు బీటలు వారును. కుట్టిన పడవ దెబ్బ తగిలినపుడు కొంచెము వంగి మరల సర్దుకొనును. మదరాసులో ఓడరేవు కట్టకముందు, పెద్ద ఓడలనుండి మనుష్యులను, సరుకులను ఒడ్డునకు చేర్చినవి ఇట్టి కుట్టుపడవలే.

ఇంత తెలివి చదువువలన వచ్చినది కాదు. తండ్రినుండి కొడుకునకు చేతిమీదుగా వచ్చినది. నేడు కొయ్యతెప్పలును కుట్టుపడవలును అరుదైపోయినవి. ఫైబరుతో చేసిన తెప్పలు, మోటారు పడవలు వచ్చినవి. జాలరి శ్రమ తగ్గినందుకు మనము సంతోషింపవలసినదే. కాని పాతపడవ పోయినపుడు దానితో ముడిపడిన తెలివి కూడ పోవుచున్నది. తీరమునగల రెండు కొండలను ఒకదానితో నొకటి సరిచూచుకొని, చేపలుండు తావును నడిసముద్రమున గుర్తించు నేర్పు జాలరులకు కలదు. ఆ నేర్పును ఏ అద్దాలపెట్టెలో పెట్టగలము? ఆ మనిషి ఉన్నంతకాలమే అది ఉండును.

వల బాగుచేసికొనుచున్న ఒక ముదుసలి దగ్గర కూర్చుండి ఈ సంగతులు అడుగుచుంటిని. అతడు అన్నిటికి ఓపికతో జవాబు చెప్పి, తుదకు నన్నే అడిగెను.

“ఏ ఊరు బాబూ మీది?”

“కడప జిల్లా, తాతా.”

“అక్కడ సముద్దరం నేదు గదా! మరి ఏరు దాటాలంటే దేనిమీద దాటేవోరు బాబూ?”

“పుట్టిమీద” అంటిని. పుట్టి ఎట్లు కట్టుదురని అతడు ఆసక్తితో అడిగెను. వెదురుతో అల్లుదురని మాత్రము చెప్పగలిగితిని. ఎన్ని బద్దలు, ఏ కాలపు వెదురు, అల్లిక ఎచట మొదలిడవలెను, పైన ఏమి పూయుదురు అని అతడు వరుసగా అడుగుచుండగా నేను తలవంచుకొంటిని. అతని నేర్పును వ్రాసికొనుటకు పుస్తకము పట్టుకొని అంతదూరము పోయిన నాకు, నా సీమ నేర్పు తెలియదు!

ఆ సిగ్గుకు వెనుక ఒక కారణమున్నది. మీ ఎదుట దాచను. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, పెన్న ఒడ్డున ఒక పల్లెలో, పుట్టి అల్లుట తెలిసిన ఒక పెద్దాయనను కలిసితిని. ఈ పని తనతో సరియనియు, కొడుకులు పట్టణమునకు పోయిరనియు అతడు చెప్పెను. మరల వచ్చి అంతయు వ్రాసికొందునని మాటయిచ్చితిని. సభలు, ఉత్సవములు, నివేదికలు అడ్డు వచ్చినవి. రెండేండ్లకు పోయితిని. అప్పటికి అతడు లేడు. ఇంటివెనుక పశువుల కొట్టముమీద, పాత పుట్టియొకటి బోర్లించియుండెను. దాని అల్లిక కన్నులకు కనబడుచునే యున్నది; అల్లిన విధము చెప్పువారు లేరు.

పుట్టి సామాన్యమైన వస్తువని తలంపకుడు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్, గంపవలె గుండ్రనై, లోపల బద్దల అల్లిక, పైన తోలు గల పడవలలో జనులు తుంగభద్రను దాటుటను చూచి వ్రాసిపెట్టెను. పాయస్ దేశస్థులు తమ జాలరులనుగూర్చి చేసినపనిని కూడ మనము తెలిసికొనదగును. పోర్చుగలులో ఈల్యవు అను చిన్నపట్టణము కలదు. అచటివారు తరతరములుగా అట్లాంటికు సముద్రమును దాటి, న్యూఫౌండ్‌లాండు చలినీళ్ళలో కాడ్ అను చేపను వేటాడెడివారు. పెద్ద ఓడనుండి చిన్నచిన్న పడవలను దింపి, పడవకు ఒక్క మనిషిచొప్పున, మంచులోను పొగలోను గాలము వేసెడివారు. ఆ పట్టణమువారు 1937లో ఒక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. అందు పడవలను, పనిముట్లను భద్రపరచిరి. వేటకు పోయిన సామాన్యజాలరుల పేర్ల పట్టికలను కూడ సేకరించిరి. మన నాణెములమీదను శాసనములమీదను లేని పేర్లు అవియే కదా!

ఆ కథకు మరియొక భాగము కలదు. అనేక దేశములవారు పెద్ద యంత్రనౌకలతో మితిమీరి వేటాడుటచే ఆ చేప తరిగిపోయినది. 1992లో కెనడా ప్రభుత్వము ఆ వేటనే ఆపివేయవలసి వచ్చెను. వేల కుటుంబములు పనిలేనివారైరి. కాబట్టి పడవను కాపాడిన చాలదు, చేపను కూడ కాపాడవలెను. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 దినములు యంత్రపడవలతో వేట నిషేధించుట ఇందుకొరకే. అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలము.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. కె.సి. కాలువ మన పైరులకు ప్రాణము. 1860 తరువాతి సంవత్సరములలో మదరాసు ఇరిగేషను కంపెనీవారు సుంకేసులనుండి కడపవైపునకు 300 కిలోమీటర్లకు పైగా దానిని త్రవ్విరి. 1882లో ప్రభుత్వము కొనుగోలు చేసెను. ఆ కాలువను సాగునీటికి మాత్రమే కాక పడవల రాకపోకలకు కూడ కట్టిరని మీలో ఎందరికి తెలియును? లాకులు కట్టినది పడవలను ఎక్కించి దింపుటకే. తరువాత పడవలు ఆగిపోయినవి. నేటి పిల్లవానికి ఆ మాట చెప్పిన కథయనుకొనును. ఈ నీళ్ళలో బెస్తవారు పట్టిన కొర్రమీను, వాలుగ, జెల్ల మన భోజనములోనివే. కొర్రమీను తన పిల్లలగుంపును కనిపెట్టుకొని తిరుగును. ఆ సమయమున తల్లిదండ్రులను పట్టినచో గుంపంతయు ఇతర చేపల పాలగును. ఈ సంగతి మన పెద్దలకు తెలియును. సన్నకన్ను వలలు వేసి పిల్లచేపలను ఊడ్చుకొనువారికి తెలియవలసియున్నది.

కాబట్టి, పిల్లలారా, విశాఖకు పోవుటకు ముందు మీకొక పని అప్పగించుచున్నాను. మీ ఊరిలోను చుట్టుప్రక్కల పల్లెలలోను చేపలు పట్టువారిని, ఏరు దాటించినవారిని, ఈత నేర్పినవారిని వెదకుడు. వల ఏ దారముతో అల్లుదురు, మావు ఎట్లు కట్టుదురు, వరద వచ్చుటను ఏ గుర్తులచే కనిపెట్టుదురు అని అడుగుడు. నేడు ప్రతి ఇంట సెల్‌ఫోను ఉన్నది. వారి మాటను వారి గొంతుతోనే పట్టియుంచుడు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ మరువక వ్రాయుడు. ఒక పాత వల, ఒక గాలము, ఒక తెడ్డు దొరికినచో యజమాని అనుమతితో పాఠశాలలో ఒక అల్మారాలో ఉంచుడు. దానిప్రక్క చేసినవాని పేరు వ్రాసిన చీటీ పెట్టుడు. ప్రదర్శనశాల అనగా గొప్ప భవనమే కానక్కరలేదు.

పెద్దలకు ఒక మనవి. ఈ పనికి ప్రభుత్వపు ఉత్తరువు వచ్చువరకు ఆగకుడు. ఉత్తరువు ఆలస్యమైన మరల తెప్పించుకొనవచ్చును. ఒక ముసలివాని జ్ఞాపకమును మరల తెప్పించుకొనలేము. నేను రెండేండ్లు ఆలస్యము చేసి పోగొట్టుకొన్నదానిని మీరు పోగొట్టుకొనకుడు.

విశాఖ తీరమున ఆ తాత మీకు కూడ కనబడవచ్చును. అతడు కాకున్న అతనివంటివాడు మరియొకడు కనబడును. అతని తెప్పనుగూర్చి తప్పక అడుగుడు. అతడు మీ పుట్టినిగూర్చి అడిగినపుడు మాత్రము, నావలె తలవంచుకొనక, జవాబు చెప్పగలవారై పోవుదురుగాక అని కోరుచు విరమించుచున్నాను.