ఆవపు పొగయు మన ప్రతిజ్ఞయు
(మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



 మట్టిని గూర్చి మీకు మేము చెప్పవలసినది లేదు. అది మీ యింటివిద్య. నిప్పును గూర్చి మాత్రము కొన్ని మాటలు మనవి చేయదలచితిమి. కుండకైనను, పెంకుకైనను, ఇటుకకైనను ప్రాణము పోయునది ఆవమే. ఆ యావపు పొగయే నేడు మనపై ఫిర్యాదుగా వచ్చినది.

బొగ్గు కాలినపుడు పుట్టు బొగ్గుపులుసుగాలి ఆకాశమందు నిలిచి భూమి వేడిని బయటికి పోనీయదని శాస్త్రజ్ఞులు నిశ్చయించి యున్నారు. గృహనిర్మాణమునందు ఈ దోషము ఇటుకకు మాత్రమే చెందదు. సిమెంటుది మఱింత పెద్దది. సున్నపురాతిని గాల్చునపుడు బొగ్గునుండియే కాక ఆ రాతిలోనుండియు నీ గాలి వెలువడును. లోకమున మనుష్యులు విడుచు బొగ్గుపులుసుగాలిలో నూటికి 7, 8 పాళ్లు సిమెంటువలననే యని లెక్క.

ఈ నిందను పోగొట్టుకొనుటకై సిమెంటు యజమానులు, ఎవరును బలవంతపెట్టకయే, కొన్ని ప్రతిజ్ఞలు చేసిరి. ప్రపంచ సిమెంటు కాంక్రీటు సంఘమునందలి 40 కంపెనీలు, ఘనమీటరు కాంక్రీటుకు వెలువడు నీ గాలిని 2030 నాటికి నూటికి 25 పాళ్లు తగ్గింతుమనియు, 2050 నాటికి నికరముగా సున్న చేయుదుమనియు 2021లో ప్రకటించినవి. మన దేశమందలి దాల్మియా కంపెనీ 2018లోనే, 2040 నాటికి తాను విడుచుదానికంటె తొలగించునదే యెక్కువ యగునని మాట యిచ్చినది. ఈ మాటలు నిలుచునా యని సందేహించువారు కలరు. మాకును సందేహము లేకపోలేదు. తప్పినవారికి దండన లేదు గదా! అయినను వారి సంఘము ఏటేట లెక్కలు ప్రకటించుచున్నది. లెక్క బయటబెట్టినవాని అబద్ధమును పట్టుట సులభము.

మనము మాట యీయలేదు. మనకు ఉత్తరువు వచ్చినది. 2022 ఫిబ్రవరి 22న కేంద్రప్రభుత్వమువారు ఇటుకబట్టీలన్నియు జిగ్‌జాగ్ పద్ధతికో, నిలువు బట్టీకో, గొట్టపు గ్యాసుకో మారవలెనని శాసించిరి. గాలి చెడిన పట్టణములకు 10 కిలోమీటర్లలో నున్నవారికి ఒక యేడును, తక్కినవారికి రెండేండ్లును గడువిచ్చిరి. ఆ పట్టణముల పట్టికలో మన యేలూరును కలదు. జిగ్‌జాగ్ అనగా బ్రహ్మవిద్య కాదు. వేడిగాలి తిన్నగా పోక వంకరలు తిరుగుచు ఇటుకలను తాకునట్లు పేర్చుటయే; అందువలన బొగ్గు నూటికి 20 పాళ్ల వఱకు మిగులును. చిన్న యావము గలవాడొక్కడు అట్టి బట్టీ కట్టుకొనలేడు. నలుగురు కలిసిన గాని కాదు. మనలో నలుగురు కలియుట బట్టీ కట్టుటకంటె కష్టమని మీకు తెలియును.

ఇక మన కులమువారు చెవియొగ్గి వినవలసిన విషయమొకటి కలదు. సిమెంటులో సగము వఱకు కాల్చిన రాతిని తగ్గించి, దానికి బదులు కాల్చిన బంకమన్నును, సున్నపురాతి పొడిని కలుపు విధానము వచ్చినది. దానివలన బొగ్గుపులుసుగాలి నూటికి 40 పాళ్ల వఱకు తగ్గును. దానికి 2023లో మన దేశపు ప్రమాణమును ఏర్పడినది. సున్నపురాయి 1450 డిగ్రీల వేడిలో కాలవలెను. ఈ మట్టికి 700 మొదలు 850 చాలును. అది యించుమించుగా కుండ కాలు వేడిమియే! మన పెద్దలు ఇటుకపొడిని సుర్కి యని సున్నములో కలిపి గానుగ త్రిప్పించినదియు ఈ గుణము నెఱిగియే. అన్ని మన్నులును దీనికి పనికిరావు. తెల్లబంక శ్రేష్ఠము, అట్టి మన్ను ద్వారకాతిరుమల ప్రాంతమున కలదు. మట్టి కాల్చు విద్య తరతరములుగా మనది. దాని లాభము మాత్రము కంపెనీలదే కావలయునా?

తాడేపల్లిగూడెపు రైసుమిల్లుల ఊక సంగతియు నిట్టిదే. ఊక కాలి వెలువడిన గాలిని మరుసటి పైరు పీల్చుకొనును. నేలబొగ్గుది అట్లు కాదు. తగిన వేడిలో కాలిన ఊకబూడిదయు సిమెంటులో కొంతకు బదులగును. గూడెమునందే 2015లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ స్థాపింపబడినది. మన యావపు బూడిద నొక సంచెడు తీసికొనిపోయి పరీక్షింపుడని యడుగుటకు మనకు సిగ్గెందులకు?

కొల్లేటి మాట చెప్పక విడువరాదు. ఆ సరస్సు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ పట్టిక కెక్కినది. నీటియడుగున చివికిన తుంగయు గడ్డియు ఆ యొండ్రులో బొగ్గుపదార్థమును దాచియుంచును. త్రవ్వి యెండబెట్టినచో అది మరల గాలిలో కలియును. కావున అభయారణ్యపు హద్దులోని మన్ను ఎంత చవుకగా దొరికినను మనవారు ముట్టరాదని మా ప్రార్థన.

తీర్మానములు గావించి మఱచుట మన సభలకు క్రొత్త కాదు. అందుచే ఈసారి తీర్మానము వలదని కోరుచున్నాము. ప్రతి బట్టీవారును వేయి ఇటుకలకు బొగ్గెంత, ఊకెంత, పగిలిపోయినవెన్ని యని ఏడాది పొడుగున వ్రాసి, వచ్చు మహాసభలో అందఱి యెదుట చదువవలెను. ఇందులకై పుస్తకమొకటి ద్వారముకడ బల్లమీద నుంచితిమి. మా బట్టీ లెక్కను మొదటి పుటలో వ్రాసితిమి. అది మెచ్చదగినదిగా లేదు.