ఉద్దానంలో గాలివానకు నిలిచే కోళ్ళ గూడు
(ప్రసంగ పాఠము)



పెరటి కోళ్ళు చిన్న సొత్తు అని తేలికగా చూడరాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరనే తీరం దాటినది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేల వాలినవి. తిరిగి నాటిన కొబ్బరి కాపుకు రావలెనంటే ఏళ్ళు పడుతుంది. కోడిపెట్ట అయితే ఆరేడు నెలలకే గుడ్డు పెడుతుంది. తోట పోయిన ఇంటికి ముందుగా చేతికి అందే రాబడి ఇదే. అయితే కోళ్ళు మిగలవలెనంటే గూడు మిగలవలెను. అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కప్పుకు పెట్టే డబ్బు కంటె కట్టుకు పెట్టే శ్రద్ధ ముఖ్యము.

గాలి కప్పును పైనుండి నొక్కి కూల్చదు, పైకి లేపి విసురుతుంది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దానిని పైకి లాగుతుంది. లోపల దూరిన గాలి క్రిందనుండి తోస్తుంది. కనుక కప్పును నేలకు కట్టివేయడమే మన పని.

చోటు: మెరక చూచి కట్టండి. కొబ్బరి చెట్టు పడే దూరంలో కట్టవద్దు. 20 కోళ్ళకు 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు చాలును. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే లోపలికి ఎండ తక్కువగా పడుతుంది. ఎర్రమట్టితో అడుగు ఎత్తు దిమ్మ వేసి గట్టిగా దిమ్మిసా కొట్టి, చుట్టూ చిన్న కాలువ తీయండి.

రాటలు: సరుగుడు రాటలు చవక. మన ఇసుక నేల రాటను పట్టి ఉంచదు. 3 అడుగుల లోతు గొయ్యి తీసి, రాట అడుగున మూరెడు కొయ్యను అడ్డముగా తీగతో బిగించి పాతండి. అప్పుడు పైనున్న ఇసుక బరువే రాటను లేవనీయదు. పాతే భాగానికి జీడిపిక్కల తొక్క నుండి తీసిన నూనె పూస్తే చెదలు పట్టవు. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది. కర్రకు గుడ్డ చుట్టి పూసి, బాగా ఆరిన తరువాతనే పాతండి.

కప్పు: రేకు కొనడానికి అప్పు చేయనక్కరలేదు. అది వేసవిలో వేడెక్కుతుంది. గాలికి ఊడితే కత్తివలె ఎగురుతుంది. అల్లిన కొబ్బరి కమ్మలు చాలును. రెండు వాలుల కంటె నాలుగు వాలుల కప్పు గాలికి బాగా ఆగుతుంది. చూరు అడుగున్నరకు మించనీయవద్దు. వాసాలను దూలాలకు, దూలాలను రాటలకు ఇనుప తీగతో కట్టండి. మేకు ఒక్కటే అయితే ఊడివస్తుంది. పైన పాత చేపల వల పరచి, దాని అంచులను నేలలో పాతిన కొయ్యలకు తాళ్ళతో బిగించండి. తాళ్ళు నాలుగు వైపులా ఉండవలెను. తుపాను నడిబొడ్డు మన మీదుగా పోతే గాలి కొంతసేపు ఆగి, ఆ తరువాత ఎదురు దిక్కునుండి కొడుతుంది.

ప్రక్కలు: అడుగున్నర ఎత్తు మట్టిగోడ, దానిపై వెదురు తడిక కట్టండి. కడిగిన ఎరువుల సంచులను విప్పి కుట్టి, వాన కొట్టే ప్రక్క తెరగా కట్టండి. అయితే తెర పైన జానెడు ఖాళీ విడువండి. గాలి ఆడని గూటిలో పెంట ఘాటు పెరిగి కోళ్ళకు రొప్పు వస్తుంది.

నేల: 3 అంగుళాల మందాన ఊక పరచి, వారానికి రెండుసార్లు కదిలించండి. గుప్పెడు ఊక పిడికిట పట్టి విడువండి. పొడిగా రాలితే మంచిది. ముద్దగా నిలిస్తే తడి చేరినట్లే. ఆ తడిలోనే రక్తపారుడు పుడుతుంది. తడి ఊక తీసి క్రొత్తది వేయండి. పలాసలో జీడితొక్క దొరుకుతున్నది గదా అని దానిని మాత్రం పరచవద్దు. అందులోని నూనె కోళ్ళ కాళ్ళను పుండ్లు చేస్తుంది.

హెచ్చరిక వచ్చినప్పుడు: గూడు ఎంత గట్టిదైనను పెద్ద తుపానుకు కోళ్ళను అందులో ఉంచవద్దు. పగలే పట్టి, గంపల క్రింద గట్టి ఇంటిలోనికి చేర్చండి. రెండు రోజుల మేత, నీరు దగ్గర ఉంచుకొనండి. గాలి మొదలైన తరువాత గూటికోసం బయటకు పోవద్దు. నడుమ గాలి ఆగినా పోవద్దు. ప్రాణం కంటె గూడు ఎక్కువ కాదు.

గాలి వెలిసిన తరువాత: తడిసిన మేత బూజు పడుతుంది, పెట్టవద్దు. చనిపోయిన కోళ్ళను సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. కొక్కెర తెగులు టీకా వేయించి ఉండకపోతే పశువైద్యశాలను అడగండి.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే మొదట ఇనుప తీగ కొనండి, తరువాత వల, ఆ తరువాత తెర. 2013లో పైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటినవి. తుపాను మరే నెలలోనైనా రావచ్చును గాని, ఈ తేదీలు మరువవద్దు. ఏటా సెప్టెంబరు నెలాఖరులోగా ప్రతి కట్టును చేతితో లాగి చూడండి. వదులైన కట్టును ఆనాడే బిగించండి.